ఆర్మ్‌స్ట్రాంగ్ దిగుతుంటే కెమెరా ఎవరి చేతిలో ఉంది?

ప్రశ్న: ఉప్పల్‌లో ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. మనిషి అంతరిక్షంలోకి వెళ్లిన చరిత్రను తొమ్మిదో తరగతి పిల్లలకు గ్రాఫిక్స్ లేకుండా, అప్పట్లో తీసిన అసలు ఫుటేజ్‌తోనే చెప్పాలని ఉంది. ఆరు పీరియడ్లు దొరికాయి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏవి చూపించాలి? నెట్‌లో ఏది అసలో ఏది తయారు చేసిందో నాకే తెలియడం లేదు. పైగా ఒక అబ్బాయి, "చంద్రుడి మీద దిగడం స్టూడియోలో తీశారంట కదా మేడమ్" అన్నాడు. వాడికి ఏం చెప్పాలి?

జవాబు:

మేడమ్, నేను ముప్పై అయిదేళ్లు ఎడిటింగ్ రూముల్లో పనిచేశాను. మూవియోలా అనే ఫిల్మ్ ఎడిటింగ్ యంత్రం మీద రీళ్లు చుట్టే అసిస్టెంటుగా మొదలై, కృష్ణానగర్‌లో కంప్యూటర్ల ముందు కూర్చునేదాకా వచ్చాను. రిటైరయ్యాక రాంనగర్‌లో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద తెల్ల దుప్పటి కట్టి, శనివారం సాయంత్రాలు పిల్లలకు ఈ ఫుటేజే చూపిస్తున్నాను. మీరు అడిగింది నాకు చాలా ఇష్టమైన విషయం, అందుకే జవాబు కొంచెం పొడుగు అవుతుంది.

ఏ క్లిప్ వేసినా ముందు పిల్లల్ని మూడు మాటలు అడగండి. కెమెరా ఎక్కడుంది? దాన్ని ఆన్ చేసింది ఎవరు? ఆ బొమ్మ భూమికి ఎలా చేరింది? ఈ మూడింటికీ జవాబు దొరికితే అసలేదో నకిలీ ఏదో సగం తేలిపోతుంది. రాకెట్టుకి పక్కనే మరో రాకెట్టు ఎగురుతూ తీసినట్టు నున్నగా కనిపించే షాట్ వస్తే, అక్కడ కెమెరా పెట్టే చోటే లేదని పిల్లలే చెప్పేస్తారు. మా టెర్రస్ మీద ఏడో తరగతి అమ్మాయి కూడా పట్టేస్తోంది.

అందరూ అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి మనిషి, సోవియట్ వ్యోమగామి గగారిన్‌తో మొదలుపెడతారు. మీరు మాత్రం రాకేశ్ శర్మతో మొదలుపెట్టండి. ఆయన చదివింది మన హైదరాబాద్‌లోనే. సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్, ఆ తర్వాత నిజాం కాలేజీ. ఉప్పల్ నుంచి బస్సెక్కితే చేరే చోట చదువుకున్న మనిషి 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టీ-11లో సాల్యూట్ 7 స్టేషన్‌కి వెళ్లాడంటే పిల్లలు నిటారుగా కూర్చుంటారు. అప్పటికి నేను అసిస్టెంటుని. చిక్కడపల్లిలో పక్కింటివాళ్ల బ్లాక్ అండ్ వైట్ టీవీ ముందు, గుమ్మం బయట చెప్పులు కుప్పపడేంత మంది చూశాం. ఇందిరా గాంధీ గారు పైనుంచి ఇండియా ఎలా కనిపిస్తోందని అడగడం, ఆయన "సారే జహాఁ సే అచ్ఛా" అనడం అందరికీ తెలుసు. ఆ క్లిప్ వేశాక ఆపి, అడిగిన మాటకీ చెప్పిన జవాబుకీ మధ్య ఆ ఖాళీ ఎందుకు వచ్చిందని అడగండి. బొమ్మ ఎందుకు వణుకుతోందో అడగండి. స్టేషన్‌లో ఉన్న టీవీ కెమెరా, అక్కడి నుంచి రేడియో తరంగాలు, సోవియట్ గ్రౌండ్ స్టేషన్, మాస్కో, ఢిల్లీ, అక్కడి నుంచి చిక్కడపల్లి. అంత దూరం నడిచొచ్చిన బొమ్మ అది.

ఆ వెంటనే శుభాంశు శుక్లా క్లిప్ వేయండి. 2025 జూన్ 25న బయల్దేరి, మర్నాడు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం చేరి, జూన్ 28న ప్రధానితో మాట్లాడిన వీడియో. రెండిటికీ నలభై ఒక్క ఏళ్ల తేడా. రెండూ పక్కపక్కన చూసిన పిల్లలకు మధ్యలో ఏం జరిగిందో తెలుసుకోవాలని వాళ్లకే అనిపిస్తుంది. అప్పుడు వెనక్కి, 1961కి వెళ్లండి.

గగారిన్ ఫుటేజ్ దగ్గర జాగ్రత్త అవసరం. 1961 ఏప్రిల్ 12న వోస్టోక్ 1లో ఆయన భూమిని ఒక్క చుట్టు చుట్టి 108 నిమిషాల్లో తిరిగొచ్చారు. బస్సులో కూర్చుని వెళ్లడం, రాకెట్ లేవడం అసలువే. కానీ మైక్రోఫోన్ ముందు కూర్చుని చీఫ్ డిజైనర్ కొరొల్యోవ్ ఆయనతో మాట్లాడే షాట్ ఉంటుంది చూడండి, అది తర్వాత కెమెరా కోసం మళ్లీ చేయించి తీసింది. రాకెట్ ఎక్కేముందు గగారిన్ ఇచ్చినట్టు వినిపించే ప్రసంగం కూడా ముందే మాస్కోలో రికార్డు చేసిందే. అలాగని ప్రయాణమే అబద్ధం అనుకోకూడదు. సోవియట్ వాళ్లది రహస్య కార్యక్రమం. ఆ రాకెట్ అసలు రూపాన్ని 1967లో పారిస్ ఎయిర్ షోలో పెట్టేదాకా బయటి ప్రపంచం చూడనే లేదు. అలాంటిచోట తీరిగ్గా తీసిన షాట్ కనిపిస్తే, ఇది ఎప్పుడు తీశారు అని ఎడిటర్‌కి అనుమానం రావాలి. గగారిన్ నేలమీద దిగిన ఫుటేజ్ ఎందుకు లేదో కూడా చెప్పండి. దాదాపు ఏడు కిలోమీటర్ల ఎత్తులో సీటుతో సహా నౌకలోంచి బయటికొచ్చి, ఆయన విడిగా పారాచూట్‌తో దిగారు. రికార్డుల నిబంధన ప్రకారం పైలట్ తన వాహనంలోనే దిగాలి కాబట్టి ఈ సంగతి ఏళ్ల తరబడి దాచిపెట్టారు. పొలంలో దిగుతున్న మనిషి కోసం అక్కడ ఏ కెమెరా ఎదురుచూడలేదు. ఫుటేజ్ లేకపోవడం కూడా చరిత్రేనని ఇక్కడ చెప్పొచ్చు.

దీని పక్కన 1961 మే 5న అమెరికా వ్యోమగామి అలన్ షెపర్డ్ చేసిన ప్రయాణం పెట్టండి. పదిహేను నిమిషాలే, కక్ష్యలోకి కూడా వెళ్లలేదు. కానీ దేశమంతా టీవీలో లైవ్‌గా చూసింది. పేలిపోయి ఉంటే అదీ చూసేవాళ్లే. గగారిన్ ప్రయాణం తర్వాత మూడు వారాలకే ఇది. రెండు దేశాల ఫుటేజ్ ఎందుకు వేర్వేరుగా ఉంటుందో ఈ జంట చూపిస్తుంది.

రెండో పీరియడ్ మొత్తం సోవియట్ వ్యోమగామి లియోనోవ్‌కి ఇవ్వమంటాను. 1965 మార్చి 18, వోస్హోద్ 2. నౌక బయట దాదాపు పన్నెండు నిమిషాలు తేలిన మొదటి మనిషి. నౌక నుంచి బయటికెళ్లే గాలి తిత్తిలాంటి గది, అంటే ఎయిర్‌లాక్ అంచున 16 ఎంఎం కెమెరా బిగించి ఉంది. ఫుటేజ్‌లో ఆయన హాయిగా చేతులాడిస్తున్నట్టే కనిపిస్తుంది. నిజానికి ఆ సమయంలో లోపలి గాలి ఒత్తిడికి సూట్ బెలూన్‌లా ఉబ్బి, వేళ్లు గ్లౌజుల్లోంచి, కాళ్లు బూట్లలోంచి జారిపోతున్నాయి. ఛాతీ మీద ఫొటో కెమెరా ఉంది, దాని మీటను ఆయన అందుకోలేకపోయారు. చివరికి సూట్‌లోని గాలిని కొంచెం కొంచెంగా వదిలి, కాళ్లు ముందుగా రావాల్సినవారు తల ముందుగా లోపలికి దూరారు. ఆ కంగారులోనూ బయటి కెమెరాని విప్పి లోపలికి తెచ్చింది ఆయనే. మనం చూస్తున్న రీలు అదే. ముందు మాటలేమీ చెప్పకుండా క్లిప్ వేయండి, తర్వాత ఈ కథ చెప్పి మళ్లీ వేయండి. రెండోసారి క్లాసులో ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా వినిపించదు. నాకైతే ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది.

1965 జూన్ 3న అమెరికా వ్యోమగామి ఎడ్ వైట్ జెమిని 4 నుంచి బయటికొచ్చిన కలర్ ఫుటేజ్ ఇంకా అందంగా ఉంటుంది. అది వేసినప్పుడు ఒక మాట తప్పక చెప్పండి. ఆ నవ్వే మనిషి, తోటి వ్యోమగాములు గ్రిస్సమ్, చాఫీలతో కలిసి 1967 జనవరి 27న నేలమీదే, లాంచ్‌ప్యాడ్ పరీక్షలో అపోలో 1 క్యాబిన్‌లో మంటలు లేచి చనిపోయారు.

ఇక చంద్రుడు. మీ అబ్బాయి ప్రశ్న ఇక్కడే వస్తుంది.

మా టెర్రస్ మీద ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు: "మొదటి మనిషి దిగుతుంటే బయట నిలబడి తీసిందెవరు తాతా?" ఇంతకన్నా మంచి ప్రశ్న లేదు. కెమెరా ల్యాండర్ పక్కన మడత బల్లలాంటి అరలో, తలకిందులుగా అమర్చి ఉంది. ఆర్మ్‌స్ట్రాంగ్ నిచ్చెన పైన ఉండగానే ఒక పిడి లాగితే ఆ అర కిందికి తెరుచుకుంది. లోపల ఉన్న సహచరుడు ఆల్డ్రిన్ ఆ కెమెరాకి కరెంటు ఇచ్చే బ్రేకర్ వేశారు. కెమెరా తలకిందులుగా ఉంది కాబట్టే భూమ్మీద మొదట కొన్ని సెకన్లు బొమ్మ తలకిందులుగా వచ్చింది, గ్రౌండ్ స్టేషన్‌లో స్విచ్ మార్చాక నిలబడింది. స్టూడియోలో తీసేవాడు తలకిందుల బొమ్మతో మొదలుపెడతాడా అని ఆ అబ్బాయినే అడగండి. ఆ తర్వాత ఆర్మ్‌స్ట్రాంగ్ కెమెరాని తీసుకెళ్లి దూరంగా స్టాండు మీద పెట్టారు. ఇది కాక ఆల్డ్రిన్ కిటికీలోంచి కిందికి చూస్తూ 16 ఎంఎం ఫిల్మ్ కెమెరా ఒకటి నడిచింది. ఒకే అడుగుని రెండు కోణాల్లో, ఒకటి టీవీ, ఒకటి ఫిల్మ్. రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి, కదలికలు కలుస్తాయి.

టీవీ బొమ్మ దెయ్యం బొమ్మలా ఎందుకుంది? అక్కణ్ణుంచి వచ్చింది సెకనుకు 10 ఫ్రేములు, 320 గీతలు. మామూలు టీవీకి అది సరిపడదు. కాబట్టి గ్రౌండ్ స్టేషన్‌లో ఒక మానిటర్ మీద ఆ బొమ్మను వేసి, దాని ఎదురుగా మామూలు టీవీ కెమెరా పెట్టి మళ్లీ తీసి ప్రపంచానికి పంపారు. పెళ్లి వీడియోని టీవీలో వేసి ఫోన్‌తో తీసినట్టు అనుకోండి. ఆ మొదటి అడుగు బొమ్మ ఆస్ట్రేలియాలో హనీసకిల్ క్రీక్ స్టేషన్ నుంచి వచ్చింది, కొన్ని నిమిషాల తర్వాత పార్క్స్ పెద్ద డిష్‌కి మారారు. మన గడియారంలో అది 1969 జూలై 21, సోమవారం పొద్దున 8 గంటల 26 నిమిషాలు. అప్పుడు మన దేశంలో టీవీ ఢిల్లీలో తప్ప ఎక్కడా లేదు. మేం రేడియోలో విని, పుస్తకాల సంచీ భుజాన వేసుకుని బడికి పోయాం. ఆ బొమ్మను కదులుతుండగా నేను చూడగలిగింది ఎన్నో ఏళ్ల తర్వాత, ఎడిటింగ్ టేబుల్ మీద.

మార్చకముందు అసలు సిగ్నల్ రికార్డయిన టేపులు మిగల్లేదు. టేపుల కొరత రోజుల్లో వాటిని చెరిపి మళ్లీ వాడేసి ఉంటారని 2009లో నాసా వెతికి తేల్చింది. నా వృత్తిలో ఇంతకన్నా బాధపెట్టే వార్త నేను వినలేదు. ఉన్న ప్రసార కాపీల్లో మంచివి ఏరి, శుభ్రం చేసి అదే ఏడాది విడుదల చేశారు. మీరు చూపించాల్సింది ఆ కాపీ. ఇప్పుడు కొందరు ఏఐతో రంగులద్ది, సెకనుకు 60 ఫ్రేములు చేసి పెడుతున్నారు. దయచేసి అవి వేయొద్దు. అసలు ఫిల్మ్ చాలా చోట్ల సెకనుకు 6 లేదా 12 ఫ్రేములే. మధ్యలో ఉన్నవి ఏ కెమెరా చూడనివి, యంత్రం ఊహించి గీసినవి. చక్కగా ఉన్నాయని మురిసిపోయి పిల్లలకు లేనిదాన్ని చరిత్రగా చూపించినట్టవుతుంది.

మీ అబ్బాయికి అసలు జవాబు మాత్రం మాటల్లో చెప్పొద్దు. 1971 ఆగస్టులో అపోలో 15 కమాండర్ డేవిడ్ స్కాట్ ఒక చేతిలో సుత్తి, ఇంకో చేతిలో డేగ ఈక పట్టుకుని ఒకేసారి వదిలేసే క్లిప్ ఉంది. రెండూ ఒకేసారి నేలను తాకుతాయి. గాలి లేదని అక్కడే తెలిసిపోతుంది. మీరు ఫిజిక్స్ మేడమ్ కాబట్టి ఇంకో మెట్టు ఎక్కించండి. దాదాపు 1.6 మీటర్ల ఎత్తు నుంచి పడితే భూమ్మీద 0.57 సెకన్లు, చంద్రుడి మీద లెక్క ప్రకారం 1.4 సెకన్లు పట్టాలి. క్లిప్‌ని ఫ్రేము ఫ్రేముగా కదిపి పిల్లల్నే కొలవమనండి. స్లో మోషన్‌లో తీశారేమో అంటాడు. అననివ్వండి. అప్పుడు చంద్రుడి మీద నడిచే కారు, రోవర్, చక్రాల వెనక లేచే దుమ్ము చూపించండి. అపోలో 16 ఫిల్మ్‌లో బాగా కనిపిస్తుంది. మన రోడ్డు మీద దుమ్ము మేఘంలా లేచి అక్కడే వేలాడుతుంది. అక్కడ ఒక్కో రేణువూ విసిరిన రాయిలా వంపు తిరిగి నేరుగా కింద పడుతుంది. వేగం తగ్గించినంత మాత్రాన గదిలో గాలి మాయం కాదు కదా.

అపోలో 17 బయల్దేరే షాట్‌కి ఐదు నిమిషాలు ఉంచండి. 1972 డిసెంబర్ 14. చివరి ఇద్దరూ పైకి లేస్తుంటే కెమెరా వాళ్లతో పాటు తల ఎత్తుతుంది. అక్కడ ఎవరూ మిగల్లేదు! ఆ కెమెరా రోవర్ మీద ఉంది, తిప్పింది హ్యూస్టన్‌లో కూర్చున్న ఎడ్ ఫెండెల్. సిగ్నల్ వెళ్లడానికే సెకను పైన పడుతుంది కాబట్టి చూసి తిప్పితే ఆలస్యమైపోతుంది. నౌక ఎప్పుడు ఎంత ఎత్తులో ఉంటుందో ముందే లెక్కగట్టి, చూడకుండానే ఆదేశాలు పంపాడు. అపోలో 15లో, 16లో ప్రయత్నించి దొరకలేదు, మూడోసారి దొరికింది. బొమ్మ రేడియోలో వచ్చేసింది, కెమెరా ఇప్పటికీ అక్కడే ఉంది. నాకు మానవ చరిత్రలో ఒక్క షాట్ ఎంచుకోమంటే ఇదే ఎంచుకుంటాను.

ఒక పొరపాటు గురించి హెచ్చరించాలి, ఎందుకంటే అది నేనే చేశాను. రాకెట్ మొదటి దశ విడిపోయాక, ఒక పెద్ద రింగు మండుతూ వెనక్కి రాలిపోయే షాట్ మీరు చాలాసార్లు చూసే ఉంటారు. వెనక నీలి భూమి. 1999లో ఒక టీవీ చానెల్ కోసం చంద్రయానం ముప్పై ఏళ్ల కార్యక్రమం కట్ చేస్తూ, ఆర్మ్‌స్ట్రాంగ్ వాళ్లు వెళ్లిన అపోలో 11 ప్రయాణం మధ్యలో దాన్ని వేశాను. ప్రసారమయ్యాక ఒక రిటైర్డ్ ఇంజనీరు గారు పోస్టుకార్డు రాశారు, అది అపోలో 11 కాదని. నిజమే. ఆ షాట్లు మనుషులు లేకుండా పరీక్షగా పంపిన అపోలో 4, అపోలో 6వి, 1967, 1968 సంవత్సరాలవి. కెమెరాలను గొట్టాల్లో పెట్టి, పని అయ్యాక అవి ఊడిపడి పారాచూట్‌తో సముద్రంలో దిగేలా చేసి తీసుకొచ్చారు. నాకు ఆ రోజు నుంచే కెమెరా ఎక్కడుంది అని అడిగే అలవాటు వచ్చింది. పెద్ద డాక్యుమెంటరీలు కూడా ఇలా కలుపుతాయి. 1989లో వచ్చిన "ఫర్ ఆల్ మ్యాన్‌కైండ్" చాలా ప్రయాణాల ఫుటేజ్‌ని ఒకే ప్రయాణంలా అల్లింది. అద్భుతంగా ఉంటుంది, కానీ పిల్లలకు ఆ సంగతి ముందే చెప్పాలి. 2019 నాటి "అపోలో 11" మాత్రం ఆ ఒక్క ప్రయాణాన్నే, మ్యూజియంలో వేసినంత శ్రద్ధగా, కథకుడి గొంతు లేకుండా చూపిస్తుంది. అమెరికా జాతీయ భాండాగారంలో పడి ఉన్న 65 ఎంఎం రీళ్లు దానికోసం బయటికొచ్చాయి. కంట్రోల్ రూమ్‌లో తీసిన 16 ఎంఎం ఫిల్మ్‌కి శబ్దం లేదు. స్టీఫెన్ స్లేటర్ అనే ఆయన మనుషుల పెదవులు చూస్తూ, విడిగా ఉన్న ఆడియో టేపులతో సింక్ చేశాడు. ఆ పని ఎంత ఓపిక అడుగుతుందో నాకు తెలుసు. ఆయన ఎదురైతే కాళ్లకు దండం పెడతాను.

శబ్దం మాట వచ్చింది కాబట్టి ఒకటి. అంతరిక్షంలో నౌక బయట తీసిన ఏ ఫుటేజ్‌లోనూ హోరు ఉండదు. "వూష్" అని వినిపిస్తే ఎవరో కలిపారు. మీరు మ్యూట్ చేసి వేసి, రేడియో మాటలుంటే అవి మాత్రమే ఉంచండి.

అమెరికా వాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పేరు చెబితే మీ పిల్లల తాతయ్యలు, నానమ్మలు కథలు చెబుతారు. 1979 జూలైలో అది మన నెత్తిన పడుతుందని పల్లెల్లో కోళ్లూ మేకలూ కోసుకు తిన్నారు. నల్గొండ దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో నేనూ ఆ విందు తిన్నాను. చివరికి హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో రాలింది. మేం అంత భయపడిన దానిలోపల 1973లో వ్యోమగాములు గుండ్రటి గోడ మీద చక్రంలా పరుగెత్తే ఫుటేజ్ ఉంది. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రమ్మని, మర్నాడు అది వేయండి.

మళ్లీ మళ్లీ వాడుకునే అమెరికా నౌకలు, స్పేస్ షటిళ్ల కాలానికి వస్తే, ఐమాక్స్ కెమెరా సంగతి చెప్పండి. 70 ఎంఎం ఫిల్మ్ అడ్డంగా పరుగెత్తే ఆ కెమెరాలో వెయ్యి అడుగుల రీలు మూడు నిమిషాలకే అయిపోతుంది. వ్యోమగాములు ఒక్కో షాట్‌కీ ఆలోచించి ఆన్ చేసేవాళ్లు. అది మొదటిసారి ఎగిరింది 1984 ఏప్రిల్‌లో. అదే వారం రాకేశ్ శర్మ సాల్యూట్‌లో ఉన్నారు. షటిల్‌లో ఐదుగురు, సాల్యూట్‌లో ఆరుగురు, మొత్తం పదకొండు మంది ఒకేసారి అంతరిక్షంలో ఉండటం అప్పటికి రికార్డు.

ప్రమాదంలో నాశనమైన రెండు షటిళ్లు, చాలెంజర్, కొలంబియా గురించి గట్టిగా చెబుతున్నాను. 1986 జనవరి 28న 73 సెకన్లకు చాలెంజర్ ముక్కలైన షాట్ చూపించాలి, ఒక్కసారే చూపించాలి. సంగీతం వద్దు, స్లో మోషన్ వద్దు, తిప్పి తిప్పి వేయడం వద్దు. కింద నిలబడి చూస్తున్న కుటుంబాల ముఖాల షాట్ ఉంటుంది, దాన్ని నేను ఎప్పుడూ వాడలేదు, మీరూ వాడొద్దు. అందులో టీచర్ క్రిస్టా మెకాలిఫ్ ఉన్నారని, అందుకే ఎన్నో స్కూళ్లలో పిల్లలు లైవ్‌గా చూస్తున్నారని మాత్రం చెప్పండి. కల్పనా చావ్లా విషయంలో 2003 జనవరిలో కొలంబియాలో ఆమె పనిచేస్తున్న ఫుటేజ్ వేయండి. తిరిగొచ్చేటప్పుడు లోపల తీసిన 13 నిమిషాల టేపు శిథిలాల్లో దొరికింది. ప్రమాదానికి కొన్ని నిమిషాల ముందే అది ఆగిపోతుంది. వాళ్లు నవ్వుకుంటూ కిటికీలో వెలుగుని చూస్తుంటారు. తొమ్మిదో తరగతికి అది వేయాలా వద్దా అన్నది మీ క్లాసు తెలిసిన మీరే నిర్ణయించాలి. నేను ఇంటర్ పిల్లలకే వేస్తాను.

ఫుటేజ్ కోసం నాసా సొంత లైబ్రరీ, అమెరికా జాతీయ భాండాగారం వెతకండి. నాసా తీసినవి చదువు చెప్పడానికి ఉచితంగా వాడుకోవచ్చు. ఏ మిషన్, ఏ తేదీ, ఏ కెమెరా అని అక్కడ రాసి ఉంటుంది. ఆ వివరం లేని క్లిప్‌ని పక్కన పెట్టేయండి. గగనయాన్ పరీక్షల వీడియోలు ఇస్రో చానెల్లో ఉన్నాయి.

ఆరో పీరియడ్‌కి వాటిలో ఒకటే ఉంచండి: 2023 అక్టోబర్ 21న శ్రీహరికోట నుంచి మనుషుల్లేకుండా ఎగిరిన టీవీ-డీ1 పరీక్ష. లెక్కింపు 5 సెకన్ల దగ్గర ఆగిపోవడం, సరిచేసి మళ్లీ వదలడం, మనుషులు కూర్చునే భాగం, క్రూ మాడ్యూల్, రాకెట్ నుంచి తప్పించుకుని పారాచూట్లతో బంగాళాఖాతంలో దిగడం అన్నీ అందులో ఉన్నాయి. చూశాక పిల్లలకు తెల్ల కాగితాలిచ్చి, రేపు మన వాళ్లు అందులో కూర్చుంటే కెమెరాలు ఎక్కడెక్కడ బిగించాలో గీయమనండి. వీలైతే ఆ కాగితాలు రాంనగర్‌కి పంపండి, మా టెర్రస్ పిల్లలు గీసినవి నేను మీకు పంపుతాను.